2024 రూట్స్ ఆల్బమ్‌లలో ఏది గొప్పది? ఏది ముందు వినాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: సొంతంగా పాటలు రాసి పాడేవాళ్లలో బాబ్ డిలన్, లెనర్డ్ కోహెన్‌లను బాగానే విన్నారు, జాన్ ప్రైన్‌ని కొద్దిగా. 2024లో వచ్చిన రూట్స్ (అమెరికా పాత జానపద సంగీతం మీద పెరిగినవి), సింగర్-సాంగ్‌రైటర్ ఆల్బమ్‌లలో ఏది అన్నిటికన్నా బాగుంది, దేనితో మొదలుపెట్టాలి అన్నారు. కంట్రీ పెద్దగా పడదని, యాస వల్ల సగం మాటలు అందవని కూడా రాశారు.

ముందు జవాబు చెప్పేస్తాను. నా లెక్కలో ఆ ఏడాది అన్నిటికన్నా గొప్ప ఆల్బమ్ హుర్రే ఫర్ ద రిఫ్ రాఫ్ వాళ్ల 'ద పాస్ట్ ఈజ్ స్టిల్ అలైవ్'. కానీ మీరు మొదలుపెట్టాల్సింది గిలియన్ వెల్చ్, డేవిడ్ రాలింగ్స్ కలిసి చేసిన 'వుడ్‌ల్యాండ్'తో. రెండింటికీ ఒకటే పేరు చెప్పకపోవడానికి కారణం ఉంది. మొదటిది పూర్తిగా మాటల మీద నిలబడ్డ రికార్డు. పాడుతున్న మనిషి ఎవరో, ఎక్కడెక్కడ తిరిగి వచ్చారో కొంత తెలిస్తేనే అది మొత్తంగా అందుతుంది. రెండోదాంట్లో ఒక్క మాట అర్థం కాకపోయినా ఆ రెండు గొంతులు, రెండు గిటార్లు చాలు. యాసతో ఇబ్బంది ఉన్నవాళ్లకి మొదట అదే మంచిది.

ఆ తర్వాత ఏడ్రియన్ లెంకర్ 'బ్రైట్ ఫ్యూచర్', వాక్సహాచీ 'టైగర్స్ బ్లడ్', సియెరా ఫెరెల్ 'ట్రెయిల్ ఆఫ్ ఫ్లవర్స్', విలీ కార్లైల్ 'క్రిటర్‌ల్యాండ్', ఎం.జె. లెండర్‌మన్ 'మానింగ్ ఫైర్‌వర్క్స్'. వరుస కూడా దాదాపు ఇదే. ఇవి కాక ఇంకొన్ని ఉన్నాయి, చివర్లో చెబుతాను.

నా సంగతి రెండు ముక్కల్లో: నార్త్ కరొలైనాలో ఉంటాను. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారాంతంలో ఒక చిన్న కమ్యూనిటీ రేడియోలో ఈ పాటలు వేసే పని. జీతం లేని పని, కానీ చాలా ఏళ్లుగా వదల్లేదు. కొత్త ఆల్బమ్‌లు కుప్పలుగా వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం రెండో పాట దగ్గరే పక్కన పెట్టేస్తాం. ఏడాది చివరికి మళ్లీ మళ్లీ తీసి వేసినవి కొన్నే మిగులుతాయి. పైన చెప్పినవి అలా మిగిలినవే. అవార్డులు చూసి పెట్టిన వరుస కాదు, అయినా కొన్నిచోట్ల అవార్డులవాళ్లూ నేనూ ఒకే మాట మీదకి వచ్చాం.

కంట్రీ పడదన్నారు కదా, ముందు దాని సంగతి. మీకు పడనిది బహుశా కంట్రీ రేడియో. పికప్ ట్రక్కు, బీరు, శుక్రవారం రాత్రి, ఆ పైన డ్రమ్ మెషీన్. అది నాకూ పడదు. రూట్స్ అన్నప్పుడు మేము అనుకునేది అపలాచియన్ కొండల పాత పాటలు, బ్లూస్, గాస్పెల్ అనే చర్చి పాటలు, బ్యాంజో, ఫిడిల్‌తో వేగంగా సాగే బ్లూగ్రాస్, లూసియానాలో ఫ్రెంచ్ మూలాలున్న కేజన్ వాళ్ల పాటలు, పాత కంట్రీ, వాటిలోంచి నీళ్లు తాగి ఇవాళ కొత్త పాటలు రాసేవాళ్లు. ఇప్పుడు దీనంతటినీ కలిపి అమెరికానా అనే అరలో పెడుతున్నారు. గ్రామీలో ఆ పేరుతో విడిగా ఆల్బమ్ అవార్డు 2010లో మొదలైంది. ప్రైన్ మీకు నచ్చితే మీరు ఇప్పటికే ఈ ఇంట్లో ఉన్నట్టే.

ఇక 'వుడ్‌ల్యాండ్'. ఆగస్టు 23, 2024న వచ్చింది. పది పాటలు. పేరు ఈస్ట్ నాష్‌విల్‌లోని వాళ్ల సొంత స్టూడియోది. ఒకప్పుడు సినిమా హాలు, తర్వాత స్టూడియో అయింది. నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్ 1971లో పాత తరం కంట్రీ, బ్లూగ్రాస్ కళాకారులను ఒకచోట కూర్చోబెట్టి రికార్డు చేసింది ఆ భవనంలోనే. 2020 మార్చి మొదటి వారంలో నాష్‌విల్‌ని టోర్నడో కొట్టినప్పుడు దాని పైకప్పు లేచిపోయింది. అర్ధరాత్రి, కరెంటు లేదు, లోపల వాన పడుతోంది. ఇద్దరూ చీకట్లో తమ అసలు రికార్డింగులున్న మాస్టర్ టేపులు, గిటార్లు తడవని చోటికి మోసుకున్నారు. తర్వాత కొన్నేళ్లు ఆ భవనాన్ని మళ్లీ నిలబెట్టడంతోనే సరిపోయింది. గిలియన్ వెల్చ్ పేరుతో కొత్తగా రాసిన సొంత పాటల ఆల్బమ్ అంతకుముందు వచ్చింది 2011లో. మధ్యలో 2020లో ఇద్దరి పేర్లతో వచ్చింది ఇతరుల పాటలు, పాత పాటల సంపుటి. అందుకే ఈ ఆల్బమ్ కోసం మాలాంటివాళ్లు అంతగా ఎదురుచూశాం.

మొదటి పాట 'ఎంప్టీ ట్రెయిన్‌లోడ్ ఆఫ్ స్కై'. వంతెన మీద పోతున్న గూడ్స్ బండి, తలుపులు తెరిచి ఉన్న ఖాళీ పెట్టెలు, వాటి గుండా కనిపిస్తున్న ఆకాశం. ఆ ఒక్క దృశ్యం మీదే పాట మొత్తం నడుస్తుంది. అది చూసి భయపడాలో సంతోషించాలో తెలియని స్థితి. ఇందులో డేవిడ్ గిటార్‌ని ప్రత్యేకంగా వినండి. ఆయన వాయించేది 1935 నాటి చిన్న ఎపిఫోన్ ఒలింపిక్. ఆ రోజుల్లో అది కంపెనీ ఖరీదైన గిటార్లలో ఒకటి కాదు. అడుగు శబ్దం, అంటే బేస్, పెద్దగా ఉండదు. మధ్య శ్రుతుల్లో కొరికినట్టుగా పలుకుతుంది. అందుకే గిలియన్ పెద్ద గిటార్ వాయిస్తున్నా ఇది దాని కింద మునిగిపోదు. రెండు గిటార్లు ఒకే పాటలో ఒకదానికొకటి అడ్డం రాకుండా ఎలా ఉంటాయని ఎవరైనా అడిగితే నేను వేసి వినిపించేది ఈ ఇద్దరినే.

గొంతుల సంగతీ అంతే. మామూలుగా హార్మనీ అంటే రెండో గొంతు మొదటిదానికి కాస్త పైనో కిందో ఉండి, అదే దారిలో వెంట నడుస్తుంది. డేవిడ్ అలా నడవడు. ఆమె స్వరం కదిలినా తను ఒక స్వరం మీద అలాగే నిలబడతాడు. ఒక క్షణం రెండూ రాసుకుంటాయి, ఆ తర్వాత కలుస్తాయి. చెవికి కొద్దిగా గుచ్చుకునే ఆ క్షణమే వాళ్ల సంతకం. ఇందులో కొన్ని పాటల్లో డ్రమ్స్, బేస్, వయొలిన్లు కూడా ఉన్నాయి కాబట్టి వాళ్ల పాత రికార్డులంత ఎండిపోయినట్టు ఉండదు. కొత్తగా వినేవాళ్లకి అదొక వెసులుబాటు.

'హ్యాష్‌ట్యాగ్' అన్న పాట వినే ముందు ఒక్క విషయం తెలుసుకోండి. అది గై క్లార్క్ అనే టెక్సస్ పాటల రచయిత గురించి. 2016లో పోయారు. ఈ ఇద్దరూ కుర్రవాళ్లుగా ఉన్నప్పుడు ఆయన కచేరీల్లో ముందు పాడుకునే అవకాశం ఇచ్చి, రోడ్డు మీద తిరుగుతూ బతకడం ఎలాగో చూపించిన పెద్దాయన. ఇలాంటి గాయకుల పేర్లు వార్తల్లోకి ఎక్కేది చనిపోయిన రోజునే కదా, పాట అక్కడ పుట్టింది. రేడియోలో వేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఇది ఎవరి గురించి?" అని అడుగుతారు. చెప్పగానే అవతలి వైపు కాసేపు మాట ఉండదు. ఈ ఆల్బమ్‌కి 2025 ఫిబ్రవరిలో ఉత్తమ ఫోక్ ఆల్బమ్ గ్రామీ వచ్చింది. నాకు ఏ అభ్యంతరమూ లేదు.

ఒక చిన్న పక్కమాట. గిలియన్ పెరిగింది కొండల్లో కాదు, లాస్ ఏంజెలిస్‌లో, టీవీ కార్యక్రమాలకి సంగీతం రాసే తల్లిదండ్రుల దగ్గర. 1996లో మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు "నువ్వెవరు ఈ కొండ పాటలు పాడటానికి?" అని కొందరు విమర్శకులు పట్టుకున్నారు. రూట్స్ సంగీతంలో ఈ "అసలా నకిలీనా" పంచాయతీ ఎప్పుడూ ఉంటుంది. ముప్పై ఏళ్ల తర్వాత ఆ విమర్శ ఎవరికీ గుర్తు లేదు, పాటలున్నాయి. మీకు ఎవరైనా ఈ గొడవ మొదలుపెడితే విని ఊరుకోండి.

ఇప్పుడు నా మొదటి స్థానం. హుర్రే ఫర్ ద రిఫ్ రాఫ్ పేరు వింటే పెద్ద బ్యాండ్ అనిపిస్తుంది కానీ నిజానికి అది అలిండా సెగారా ఒక్కరే. న్యూయార్క్ బ్రాంక్స్‌లో పుట్టారు, పోర్టోరికో కుటుంబం. పదిహేడేళ్లకి ఇల్లు వదిలి గూడ్స్ బళ్లెక్కి దేశమంతా తిరిగి, చివరికి న్యూ ఆర్లీన్స్ వీధుల్లో వాయించేవాళ్లలో కలిశారు. పాత ఫోక్ పాటల్లో రైలెక్కి వెళ్లిపోయే మనుషులు బోలెడంతమంది. నిజంగా ఎక్కి తిరిగినవాళ్లు ఇవాళ పాటలు రాసేవాళ్లలో అరుదు. ఆల్బమ్ నిండా ఆ రోజులే: చెత్తకుండీల్లో తిండి వెతుక్కోవడం, ఎడారిలో నిద్ర, తోడున్న స్నేహితులు, వాళ్లలో ఇప్పుడు లేనివాళ్లు.

తీపి జ్ఞాపకాలు నెమరేసుకుంటున్నట్టు ఉంటుందనుకుంటే పొరపాటు. 'స్నేక్ ప్లాంట్' పాటలో చిన్ననాటి ముచ్చట్లు చెబుతూ చెబుతూ, మధ్యలో డ్రగ్స్ వాడే స్నేహితులకి ప్రాణాలు కాపాడే మందు దగ్గర పెట్టుకోమని జాగ్రత్త చెబుతారు. ఉపన్యాసంలా కాదు, బయటికి వెళ్తున్న తమ్ముడికి గొడుగు తీసుకెళ్లమని చెప్పినట్టు. 'కొలోసస్ ఆఫ్ రోడ్స్' 2022 నవంబర్‌లో కొలరాడో స్ప్రింగ్స్‌లోని ఎల్‌జీబీటీ క్లబ్బులో జరిగిన కాల్పుల తర్వాత రాసిన పాట. 'బఫలో' అంతరించిపోయిన జంతువుల వరుస చదివి, మన ప్రేమ కూడా వాటి దారిలోనే పోతుందా అని అడుగుతుంది. రాగం చూస్తే ఎంత సాదాసీదాగా ఉంటుందంటే, మొదటిసారి వింటే మాట బరువు తెలియనే తెలియదు.

రికార్డింగ్‌కి దాదాపు నెల ముందు అలిండా తండ్రి పోయారు. ఆయన కూడా సంగీతకారుడే. పనిని వాయిదా వేయకుండా మా రాష్ట్రానికే వచ్చి, నిర్మాత బ్రాడ్ కుక్‌తో కలిసి రికార్డు చేశారు. గొంతులో ఆ అలసట దాచలేదు. చివర్లో 'కికో ఫరెవర్' అని ఒకటుంది, అది పాట కాదు. అలిండా కోసం తండ్రి ఫోన్‌లో వదిలిన సందేశాలు, వెనక కొద్దిగా సంగీతం. దయచేసి దాన్ని విడిగా వినకండి. ముందున్న పాటలన్నీ దాటుకుని అక్కడికి చేరితేనే దాని విలువ. ఒకసారి స్టూడియోలో టైమ్ మిగిలితే దాన్నొక్కదాన్నే వేద్దామని అక్కడి కుర్రాడు అంటే నేను ఒప్పుకోలేదు.

దీన్ని 'వుడ్‌ల్యాండ్' కన్నా పైన పెట్టడానికి కారణం ఒక్కటే. గిలియన్, డేవిడ్ తమకి బాగా తెలిసిన పనిని మరోసారి అందంగా చేశారు. అలిండా తమకే కొత్తయిన పని చేశారు. దీనికి ముందు 2022లో వచ్చిన ఆల్బమ్‌లో సింథసైజర్లు, రిథమ్ ప్రయోగాలు చాలా ఉన్నాయి. ఇక్కడ అవన్నీ పక్కన పెట్టి, గిటార్ పట్టుకుని, సొంత బతుకును పేర్లతో, ఊళ్లతో సహా చెప్పేశారు. నాతో ఏకీభవించని స్నేహితులు చాలామందే ఉన్నారు.

ఆ ఏడాది జాబితాలో ఎక్కువ భాగానికి ఒక పోలిక ఉంది: కొద్దిమంది ఒకే గదిలో కూర్చుని, ఒకేసారి వాయించి రికార్డు చేసినవి. దీనివల్ల మనకి వినిపించే తేడా ఏమిటంటే, మామూలు పాప్ రికార్డులో డ్రమ్స్ ఒక రోజు, గిటార్ ఒక రోజు, గొంతు ఇంకో రోజు. గొంతు విడిగా ఉంటుంది కాబట్టి శ్రుతి తప్పిన ప్రతి స్వరాన్నీ కంప్యూటర్‌లో సరిచేయొచ్చు. అదే గాయకురాలు గిటార్ వాయిస్తూ పాడితే గొంతు వెళ్లి గిటార్ మైకులో కూడా పడుతుంది, గిటార్ వెళ్లి గొంతు మైకులో పడుతుంది. దీన్ని ఇంజనీర్లు బ్లీడ్ అంటారు. అలాంటప్పుడు ఒక్కదాన్నే సరిచేయబోతే రెండోది చెడుతుంది. అందుకని పాడింది పాడినట్టే ఉంచాలి, లేదా మొత్తం మళ్లీ పాడాలి. పాట వేగం కూడా క్లిక్ ట్రాక్‌కి, అంటే చెవిలో టిక్ టిక్‌మని వినిపించే తాళానికి, కట్టేసినట్టు ఉండదు, చరణానికి చరణానికి కొద్దిగా ఊగుతుంది. డిలన్ పాత రికార్డుల్లో మీకు నచ్చింది ఇదే అయి ఉంటుంది, పేరు పెట్టి అనుకోకపోయినా.

ఈ పద్ధతిని చివరిదాకా తీసుకెళ్లింది ఏడ్రియన్ లెంకర్. బిగ్ థీఫ్ బ్యాండ్ గాయని. 'బ్రైట్ ఫ్యూచర్' మార్చి 22, 2024న వచ్చింది. అడవిలో ఉన్న ఒక స్టూడియోలో నిర్మాత ఫిలిప్ వైన్‌రోబ్, ఇంకో ముగ్గురు సంగీతకారులతో కలిసి మొత్తం టేపు మీదే రికార్డు చేశారు. మొదటి నుంచి చివరి దాకా డిజిటల్ ముట్టుకోకుండా. కుర్చీ కిర్రుమన్నా, ఎవరో నవ్వినా ఉంచేశారు.

మొదటి పాట 'రియల్ హౌస్' ఆరు నిమిషాలకి దగ్గరగా ఉంటుంది. పియానో, ఆమె గొంతు, అక్కడక్కడ వయొలిన్. చిన్నప్పటి ఇల్లు, అమ్మ, కుక్క చనిపోయిన రోజు. రాగం అనేది ఉందా లేదా అన్నంత పల్చగా నడుస్తుంది. నిజం చెప్పాలంటే దీన్ని మొదటి పాటగా పెట్టడం కొత్తవాళ్లకి పరీక్షే. మా ఆవిడ వంటింట్లోంచి విని "ఎవరండీ ఆ ఏడ్చేది?" అంది. మీరు రెండో పాట 'సాడ్‌నెస్ యాజ్ ఎ గిఫ్ట్'తో మొదలుపెట్టండి. దాంట్లో ఎత్తుకోగానే పట్టుకునే రాగం ఉంది, వయొలిన్ ఉంది, అందరూ కలిసి పాడే చోటు ఉంది. ఆల్బమ్ అంతా అలవాటయ్యాక మొదటి పాటకి రండి. అలిండా ఆల్బమ్‌ని వరుసలోనే వినమన్నాను, ఇక్కడ మాత్రం వరుస మార్చినా ఫరవాలేదు.

వాక్సహాచీ కూడా బ్యాండ్ పేరులా ఉంటుంది, మనిషి కేటీ క్రచ్‌ఫీల్డ్. అలబామా అమ్మాయి, అక్కడి ఒక ఏటి పేరు పెట్టుకుంది. పంక్ నుంచి మొదలై, 2020లో వచ్చిన 'సెయింట్ క్లౌడ్' నాటికి తాగుడు మానేసి దక్షిణాది సంగీతంలోకి తిరిగొచ్చింది. 'టైగర్స్ బ్లడ్' టెక్సస్ సరిహద్దులోని సోనిక్ రాంచ్ స్టూడియోలో, మళ్లీ బ్రాడ్ కుక్ నిర్మాతగానే చేసింది. 'రైట్ బ్యాక్ టు ఇట్' ఆ ఏడాది నేను అందరికన్నా ఎక్కువమందికి వినిపించిన పాట. కొత్త ప్రేమ గురించి పాటలు వేలల్లో ఉన్నాయి. ఏళ్లు గడిచిన ప్రేమలో అనుమానాలు వచ్చిపోతూ మళ్లీ దారిలో పడటం గురించి మంచి పాటలు తక్కువ. ఇదొకటి. పక్కన పాడిన గొంతు ఎం.జె. లెండర్‌మన్‌ది. కారులో వినడానికి నా జాబితాలో ఇదే ముందు.

సియెరా ఫెరెల్ గురించి తొందరగా చెబుతాను, ఎందుకంటే మీకు ఆమెను నేను పరిచయం చేయనవసరం లేదు, అవార్డులవాళ్లే చేస్తున్నారు. వెస్ట్ వర్జీనియాలో పుట్టి, వ్యాన్‌లో బతుకుతూ వీధుల్లో పాడుకున్న మనిషి. 'ట్రెయిల్ ఆఫ్ ఫ్లవర్స్'కి ఉత్తమ అమెరికానా ఆల్బమ్‌తో కలిపి 2025లో ఒకే రాత్రి నాలుగు గ్రామీలు వచ్చాయి. ఫిడిల్, మాండలిన్, ముక్కుతో పలికే పాతకాలపు గొంతు. కంట్రీ పడనివాళ్లకి కాస్త ఎక్కువే అనిపించొచ్చు. 'అమెరికన్ డ్రీమింగ్', 'రోజ్‌మేరీ' ఈ రెండూ విని చూడండి. రెండోది హత్య పాట. కథ చెప్పే పాత పాటల్లో, అంటే బాలడ్లలో, హత్యలు మామూలే, సాధారణంగా చచ్చేదీ ఆడపిల్లే.

విలీ కార్లైల్ అర్కాన్సా ప్రాంతపు మనిషి. బ్యాంజో, ఎకార్డియన్, పొడుగాటి కథలు. చావులు, మాత్రలకి బానిసలైన ఊళ్లు, మధ్యలో నవ్వు. అందరికీ పట్టదు. పడితే మాత్రం వదలదు.

లెండర్‌మన్ దగ్గర నేను పైన చెప్పిన "ఒకే గది" సిద్ధాంతం పనిచేయదు. 'మానింగ్ ఫైర్‌వర్క్స్'లో చాలా వాయిద్యాలు అతనొక్కడే వాయించి ఒకదాని మీద ఒకటి పేర్చాడు. అయినా ఆల్బమ్ ఎక్కడా అతికించినట్టు ఉండదు. పాటల్లో ఓడిపోయిన మగాళ్లు, ఖరీదైన గడియారం చూపించి గొప్పలు పోయేవాళ్లు. నవ్వొస్తుంది, రెండు లైన్ల తర్వాత జాలేస్తుంది. ప్రైన్ నచ్చినవాళ్లకి ఇది నచ్చకపోవడం కష్టం, ఎలక్ట్రిక్ గిటార్ మోతని తట్టుకోగలిగితే. చివరి పాట పది నిమిషాలు, అందులో చాలా భాగం ఉత్త మోత. కట్టేసినా ఎవరూ ఏమీ అనరు.

అతనిది మా రాష్ట్రంలోని యాష్‌విల్. ఆల్బమ్ సెప్టెంబర్ 6న వచ్చింది. అదే నెల 27న హెలీన్ తుఫాను ఆ ఊరిని ముంచేసింది. నదీతీరంలోని స్టూడియోలు, కళాకారుల వర్క్‌షాపులు కొట్టుకుపోయాయి. అక్టోబర్‌లో 'కార్డినల్స్ ఎట్ ద రివర్' అని సహాయం కోసం వందకు పైగా పాటల సంకలనం ఒకటి, కళాకారులు నేరుగా పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో వచ్చింది, లెండర్‌మన్ కూడా అందులో ఒక పాట ఇచ్చాడు. ఈ ప్రాంతపు సంగీతం మొత్తం ఒక్కచోట కావాలంటే దానికన్నా మంచి సంచి దొరకదు. అంత పొడుగుది ఏకబిగిన వినేది కాదు, ఇంట్లో పనులు చేసుకుంటూ వేసుకోండి.

ఇక యాస, మాటల సంగతి. నా తెలుగు స్నేహితులు ఈ పాటలు విని అనే మొదటి మాట "అన్నీ ఒకేలా ఉన్నాయి". అందులో నిజం లేకపోలేదు. గిటార్ మీద కొన్ని స్వరాల్ని కలిపి మీటే కార్డ్‌లు మూడు నాలుగే, అయిదారు స్వరాల్లో తిరిగే రాగం. మన చెవి గమకం కోసం, సంగతుల కోసం వెతుకుతుంది, అవి ఇక్కడ లేవు. గోరటి వెంకన్న పాట వినేటప్పుడు మీరు రాగంలో కొత్తదనం కోసం చూడరు కదా, ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో చూస్తారు. ఆ చెవితోనే వీటినీ వినండి.

నేను చెప్పే పద్ధతి ఇది. మొదటిసారి పాట మాటలు చూడకుండా వినండి, పట్టుబడినంత పట్టుబడుతుంది. రెండోసారి మాటలు ముందు పెట్టుకుని, ఇంట్లో, హెడ్‌ఫోన్‌లో. ఆ తర్వాత కారులో. మొదటిసారే కారులో విని "అర్థం కాలేదు" అని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఇంటర్నెట్‌లో దొరికే లిరిక్స్‌లో తప్పులుంటాయి, ముఖ్యంగా ఊళ్ల పేర్లు, మొక్కల పేర్ల దగ్గర. కళాకారుల సొంత పేజీలోనో, బ్యాండ్‌క్యాంప్‌లోనో ఉంటే అవే నమ్మండి. యాస తేలికగా అందేవాళ్ల వరుస చెప్పమంటే: ముందు గిలియన్, తర్వాత అలిండా, కేటీ. లెంకర్ మాటలు తేలికే కానీ గొణుగుతుంది. సియెరా, విలీ అన్నిటికన్నా కష్టం.

జాబితాలో పెట్టనివి కొన్ని. లారా మార్లింగ్ 'ప్యాటర్న్స్ ఇన్ రిపీట్' ఇంగ్లండ్‌ది. కూతురు పుట్టాక ఇంట్లోనే రికార్డు చేసింది, డ్రమ్స్ లేవు, మొదట్లో పసిపాప శబ్దాలు కూడా వినిపిస్తాయి. కోహెన్ ఇష్టపడే మీకు ఇది నచ్చే అవకాశం చాలా ఎక్కువ. అమెరికా రూట్స్ కాదు కాబట్టి విడిగా పెట్టానంతే. స్టర్జిల్ సింప్సన్ తన పేరు మీద అయిదు ఆల్బమ్‌లే చేస్తానని ముందే చెప్పి, అవి అయిపోయాక జానీ బ్లూ స్కైస్ అనే పేరుతో 'పాసాజ్ డు డిజైర్' తెచ్చాడు. ఎనిమిది పాటలు, చివరిదాంట్లో గిటార్ సోలో కోసమైనా వినాలి. జెస్సికా ప్రాట్ 'హియర్ ఇన్ ద పిచ్' అరగంట కూడా ఉండదు, 1960ల నాటి లాస్ ఏంజెలిస్ మంచులోంచి వస్తున్నట్టుంటుంది.

స్వాంప్ డాగ్ అనే ఎనభై దాటిన సోల్ గాయకుడు 'బ్లాక్‌గ్రాస్' పేరుతో బ్లూగ్రాస్ ఆల్బమ్ చేశాడు, ప్రైన్ స్థాపించిన ఓ బాయ్ రికార్డ్స్ నుంచే. బ్యాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో వచ్చిన వాయిద్యం. అది తెల్లవాళ్ల కొండ వాయిద్యంగా ఎలా మారిపోయిందో తెలిసినవాళ్లకి ఈ ఆల్బమ్‌లో అల్లరి ఇంకా బాగా పడుతుంది. అదే కథని బియాన్సే 'కౌబాయ్ కార్టర్' కోట్లమందికి చేర్చింది. దాని మొదటి సింగిల్‌లో బ్యాంజో వాయించింది రియానన్ గిడెన్స్, మా నార్త్ కరొలైనా అమ్మాయే. ఆల్బమ్ మొత్తంగా నాకు రూట్స్ రికార్డు అనిపించలేదు, అందుకే జాబితాలో లేదు. ఆ ఒక్క పాటకీ, గిడెన్స్ సొంత రికార్డులకీ మధ్య దారి వేసుకోండి.

మన చెవికి దగ్గరగా ఏదైనా కావాలంటే అమెరికన్ ప్యాచ్‌వర్క్ క్వార్టెట్ వినండి. ముంబైలో పుట్టి హిందుస్తానీ నేర్చుకున్న ఫాల్గుణి షా 'షెనన్‌డోవా' లాంటి పాత అమెరికన్ పాటల్ని ఆలాపనతో పాడుతుంది. 2025 ఫోక్ గ్రామీకి 'వుడ్‌ల్యాండ్'తో పాటు పోటీలో ఉన్నదే. నాకు కొన్నిచోట్ల మరీ నున్నగా అనిపించింది. కానీ "అన్నీ ఒకేలా ఉన్నాయి" అనే స్నేహితులు దీన్ని మాత్రం పూర్తిగా విన్నారు.

యాప్‌లో వింటారో, రికార్డులు కొంటారో మీరు రాయలేదు. ఉచిత యాప్‌లో పాటలు కలగలిపి వేస్తుంటే సియెరాకి, కేటీకి నష్టం లేదు, ఏ పాట ముందొచ్చినా ఒకటే. 'ద పాస్ట్ ఈజ్ స్టిల్ అలైవ్'ని మాత్రం అలా వినకండి. బ్యాండ్‌క్యాంప్‌లో కొంటే వరుస మీ చేతిలో ఉంటుంది, డబ్బులో పెద్ద భాగం పాడినవాళ్లకి వెళుతుంది. వైనల్ ప్లేటు కొనాలనుకుంటే 'బ్రైట్ ఫ్యూచర్' ఒక్కటి కొనండి. టేపు మీద చేసినదాన్ని అలాగే ప్లేటు మీదికి తెచ్చారు కాబట్టి అక్కడ పెట్టిన డబ్బుకి అర్థముంది. మిగతావి మామూలు హెడ్‌ఫోన్‌లో కూడా బ్రహ్మాండంగా ఉంటాయి. 'వుడ్‌ల్యాండ్' విన్నాక ఎలా ఉందో ఇక్కడే రాయండి, గిలియన్ పాత ఆల్బమ్‌లలో తర్వాత ఏది వినాలో మీ జవాబుని బట్టి చెబుతాను.